సైకిలును మోటారు వాహనం ఢీకొన్నప్పుడు: తప్పు, బాధ్యత, పరిహారం

సైకిలుకీ మోటారు బండికీ ప్రమాదం జరిగిన చోట నలుగురు మూగగానే రెండు మాటలు వినపడతాయి. "పెద్ద బండోడిదే తప్పు" అనేది ఒకటి, "సైకిలోడే అడ్డమొచ్చాడు" అనేది రెండోది. మొదటిది కిందపడ్డవాణ్ణి చూసిన బాధలోంచి వస్తుంది. రెండోది చాలాసార్లు డ్రైవరు నోటి నుంచి, లేదా వెనక ఆగిపోయిన కార్ల లోంచి వస్తుంది. చట్టం ఈ రెంటిలో దేన్నీ ఉన్నపళంగా ఒప్పుకోదు. డ్రైవరుకు శిక్ష పడాలా వద్దా అన్నది క్రిమినల్ కోర్టు చూస్తుంది. బాధితుడికి ఎంత డబ్బు రావాలి, ఎవరివ్వాలి అన్నది మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ తేలుస్తుంది. రెండు చోట్లా వాదనకు ఆధారం మాత్రం ప్రమాదం జరిగిన పూట స్థానిక పోలీసులు రాసిన కాగితాలే. విజయవాడకు పడమట ఉన్న భవానీపురం లాంటి పేటలో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో చూస్తే చట్టంలో ఉన్న న్యాయం ఎంత, రోడ్డు మీదకు దిగేది ఎంత అన్నది తెలుస్తుంది.

భవానీపురం రోడ్డు

ఇంద్రకీలాద్రికి పడమరగా, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ ఒడ్డును ఆనుకుని పెరిగిన పేట భవానీపురం. ఒకవైపు పున్నమి ఘాట్, నదిలో భవానీ ద్వీపం. రెండోవైపు హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ళకు ఇది ఇంకా 9వ నంబరు హైవేనే. పడమట గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్, ఇంకా ముందుకు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం. తూర్పున కుమ్మరిపాలెం, అక్కడి నుంచి దుర్గగుడి కిందుగా కనకదుర్గ ఫ్లైఓవర్. ఆరు వరుసల ఆ ఫ్లైఓవర్‌ను 2020 అక్టోబరు 16న ప్రారంభించారు. అంతకుముందు కొండకీ నదికీ మధ్య ఇరుకులో లారీలు, బస్సులు, గుడికొచ్చే జనం అందరూ ఒకే రోడ్డు మీద కిక్కిరిసేవారు. ఇప్పుడు దూరం పోయే బండి ఆగకుండా పోతుంది. ఆ సుఖం అందరికీ తెలిసిందే. అదే బండి ఫ్లైఓవర్ దిగి కుమ్మరిపాలెం దాటేసరికి రెండు పక్కలా ఇళ్ళు, దుకాణాలు, బడులు ఉన్న పేటలోకి వస్తుంది. బండి వేగం హైవేది, చుట్టూ ఉన్న బతుకు వీధిది. ప్రమాదాలకు పుట్టుక ఇక్కడే.

ఈ రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళు వ్యాయామం కోసం తొక్కేవాళ్ళు కారు. వచ్చే జీతంలో పెట్రోలు కొనలేని వాచ్‌మెన్లు, తాపీ పనివాళ్ళు, మార్కెట్ హమాలీలు, క్యాన్లు కట్టుకుని పాలు పోసేవాళ్ళు, బడిపిల్లలు. వీళ్ళు రోడ్డెక్కేది ఎక్కువగా తెల్లవారకముందు, పొద్దుగూకాక. అంటే డ్రైవరుకు కళ్ళు మూతలు పడే వేళ, సైకిలు సరిగ్గా కనపడని వేళ.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో మోటారు ద్విచక్ర వాహనాల మీదివాళ్ళు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం, సైకిలు తొక్కేవాళ్ళు మూడు శాతానికి కాస్త తక్కువ. మూడు శాతమే కదా అనుకోవడానికి లేదు. లారీని ఢీకొన్న సైకిలు లారీ డ్రైవరు ప్రాణం తీయదు. హాని ఎప్పుడూ ఒక వైపుకే పోతుంది. తప్పును ఎలా తూచాలన్న చర్చ అంతా ఈ అసమానత చుట్టూనే తిరుగుతుంది.

శిక్ష వేరు, పరిహారం వేరు

2024 జూన్ 30 దాకా ఇలాంటి కేసుల్లో పోలీసులు పెట్టే సెక్షన్లు భారత శిక్షాస్మృతిలోని 279, 337, 338, 304-ఎ. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ప్రమాదకరంగా నడపడానికి 281వ సెక్షన్, గాయాలకు 125, మరణానికి 106(1). నిర్లక్ష్యం వల్ల మరణానికి గరిష్ఠ శిక్ష పాత చట్టంలో రెండేళ్ళు, కొత్తదాంట్లో అయిదేళ్ళు. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం మారని వాక్యం ఒకటుంది: "డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి గుద్దినాడు." దాదాపు ప్రతి ఫిర్యాదులోనూ ఇదే ముక్క కనిపిస్తుంది. కోర్టులో నిలవనిదీ ఇదే. వేగంగా వెళ్ళాడన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని 1998లో కర్ణాటక నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత వేగం, ఏ రోడ్డు, ఎంత రద్దీ, బ్రేకు ఎక్కడ పడింది అన్నవి సాక్ష్యంలో ఉండాలి. అవి రాయని కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడితే ఆ లోపం కోర్టుది కాదు. నేరం మోపడానికి సందేహానికి తావులేని రుజువు అడగడం న్యాయమే. తప్పు చేయని డ్రైవరుకూ ఒక కుటుంబం ఉంటుంది.

ట్రిబ్యునల్లో కొలత వేరు. అక్కడ ఏది ఎక్కువ నమ్మదగ్గది అన్నదే ప్రశ్న. ప్రమాద కేసుల్లో సాంకేతికమైన సందేహాలు పట్టుకుని బాధితుల్ని వట్టి చేతులతో పంపొద్దని 1980లో ఎన్‌.కె.వి. బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్ళను హెచ్చరించింది. హిమాచల్ ఆర్టీసీ కేసులో 2009లో అదే సూత్రాన్ని మళ్ళీ చెప్పింది. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం రావచ్చు. ఈ సంగతి తెలియక కేసు ఓడిపోయామని ట్రిబ్యునల్ గడప తొక్కకుండా ఉండిపోయే కుటుంబాలున్నాయి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిము వేసేవాళ్ళు ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వేయాలన్న నియమం కూడా లేదు. తాము కాపురముండే చోటి ట్రిబ్యునల్లో వేసుకోవచ్చు. సూర్యాపేట దగ్గర ప్రమాదం జరిగినా భవానీపురం కుటుంబం విజయవాడలోనే దావా నడుపుకోవచ్చు. గడువు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. 1994లో ఎత్తేసిన కాలపరిమితిని 2019 సవరణ ఆరు నెలలుగా మళ్ళీ తెచ్చింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాళ్ళున్నా, ఆరు నెలల్లోపే వేయడం క్షేమం. ఇంటి పెద్ద పోయిన కుటుంబానికి కర్మకాండలు, అప్పులు, ఆస్పత్రి బిల్లులు తేలేసరికే సగం గడువు గడిచిపోతుంది.

స్కెచ్చి, పంచనామా

ఈ కేసుల తలరాత చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే రాసేస్తారు. ఎస్సై గానీ హెడ్ కానిస్టేబులు గానీ వచ్చి, ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాసి, రఫ్ స్కెచ్చి గీస్తారు. రోడ్డు వెడల్పు, డివైడరు, బండి ఆగిన చోటు, రక్తపు మరక, సైకిలు పడిన చోటు అందులో ఉంటాయి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు వచ్చి లారీనో కారునో పరీక్షించి బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో రిపోర్టు ఇస్తాడు. ఈ వరుసలో సైకిలుకు దక్కే శ్రద్ధ తక్కువ. "సైకిలు పూర్తిగా దెబ్బతిన్నది" అని ఒక్క ముక్క రాసి, దాన్ని తీసుకెళ్ళి స్టేషను గోడకు ఆనిస్తే సరిపోదు.

ఆ వంగిపోయిన ఇనుము సాక్ష్యం చెబుతుంది. వెనక మడ్‌గార్డు నలిగి, వెనక చక్రం రిమ్ము ఎనిమిది అంకెలా మెలిపడి, ముందు చక్రం బాగానే ఉంటే దెబ్బ వెనక నుంచి తగిలింది. అప్పుడు "అడ్డమొచ్చాడు" అన్న మాట నిలవదు. పెడలు, క్రాంకు ఒక పక్కకు వంగి, ఫ్రేము మధ్య గొట్టం నొక్కుకుపోతే పక్క నుంచి తగిలింది. అంటే రోడ్డు దాటుతున్నాడో, మలుపు తిరుగుతున్నాడో అయి ఉండాలి. ముందు ఫోర్కు వెనక్కి వంగితే ఎదురుగా గుద్దుకున్నారు, సైకిలు రాంగ్ రూట్‌లో వచ్చిందా అని అడగాల్సిందే. హ్యాండిలు కుడి కొస మాత్రమే గీసుకుపోయి ఉంటే ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి పక్క భాగం రాసుకుని పోయిందన్న అనుమానానికి చోటుంది. లారీ మీద గీత ఎంత ఎత్తులో ఉంది, సైకిలు రంగు దాని బంపరుకు అంటిందా అన్నవి కలిపి చూస్తే, బతికి లేనివాడి తరఫున కొంతైనా మాట్లాడినట్టవుతుంది. డ్రైవరు స్టేషన్లో కూర్చుని తన కథ తాను చెప్పుకుంటాడు. సైకిలు తొక్కినవాడు మార్చురీలోనో ఐసీయూలోనో ఉంటాడు. ఈ ఒక్క తేడా వల్లే మొదటి రోజు కాగితాలు ఒక వైపుకు ఒరిగే ప్రమాదం ఉంది.

స్కెచ్చి మీద అతిగా ఆధారపడకూడదన్నదీ అంతే నిజం. ఢీ జరిగాక బండ్లు ఎక్కడ ఆగాయన్నదాన్ని బట్టి ఎవరి నిర్లక్ష్యమో తేల్చలేమని, ప్రత్యక్ష సాక్ష్యం లేకుండా పంచనామా ఒక్కటే పట్టుకుని బాధితుడికి వాటా వేయొద్దని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తగిలిన సైకిలు ఎగిరి రోడ్డుకు అవతలి పక్క పడితే, అది అవతలి పక్కే వస్తోందని స్కెచ్చి చూసి వాదించే వకీళ్ళు ఉంటారు కాబట్టి ఈ తీర్పు విలువైనది.

2022 ఏప్రిల్ 1 నుంచి కాగితాల పద్ధతి మారింది. ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పోలీసులే ట్రిబ్యునల్‌కు పంపాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ప్రమాద స్థలం ఫొటోలు, వివరాలు ఐఐటీ మద్రాసు తయారుచేసిన డేటాబేస్‌లో ఎక్కించాలి. సీసీ కెమెరాలు రోడ్డంతా ఉన్న విజయవాడలో ఫుటేజి మీద ఆశ పెట్టుకోవచ్చు గానీ, పాతది చెరిగిపోకముందే అడిగి తీసుకోవాలి.

బాధితుడి వంతు

సైకిలు తొక్కేవాళ్ళు తప్పులు చేయరని కాదు. దీపం లేకుండా చీకట్లో రావడం, వెనక చూడకుండా కుడికి తిరగడం, రాంగ్ రూట్‌లో పోవడం, రెండు పక్కలా వేలాడే బరువుతో తూలడం రోజూ చూసేవే. ఒకప్పుడు ఆంధ్ర పట్టణాల్లో సైకిలుకు మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ళ ఉండేది. రాత్రి దీపం లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసులు పట్టుకునేవాళ్ళు. ఆ రోజులు పోయాయి. అమ్మే సైకిళ్ళకు ప్రమాణాలకు తగ్గ రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది గానీ, రోడ్డు మీద తిరిగే పాత సైకిళ్ళకు అది వర్తించే సంగతి కాదు.

బాధితుడి తప్పూ కలిసిందని తేలితే ట్రిబ్యునల్ ఆ మేరకు పరిహారం కోస్తుంది. దీన్నే వకీళ్ళు కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. 2003లో బొంబాయి నగరపాలక సంస్థ బస్సు తగిలి సైకిలు మీది కుర్రాడు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరంగా చర్చించి, కుర్రాడి వంతు కూడా ఉందని ఒప్పుకుంది. ఇలాంటి శాతాలు తీర్పు కాగితం మీద చిన్న అంకెల్లా కనిపిస్తాయి. ఇంటి దాకా వచ్చేసరికి వాటి బరువు వేరు. 34 ఏళ్ళ తాపీ మేస్త్రి నెల సంపాదన 10,000 అనుకుందాం. ప్రణయ్ సేఠీ తీర్పు (2017) ప్రకారం భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 14,000. ఆధారపడ్డవాళ్ళు నలుగురైతే అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 10,500. ఏడాదికి 1,26,000. సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం 31–35 ఏళ్ళ వయసుకు గుణకం 16 కాబట్టి 20,16,000 రూపాయలు. అతనిది 25 శాతం తప్పు అని ఒక్క వాక్యం రాస్తే 5,04,000 పోతాయి. ఇద్దరు పిల్లల చదువు పోతుంది. అందుకే ఆ శాతం ఎలా వచ్చిందో తీర్పులో కారణం కనపడాలి. దీపం లేకపోవడం వల్లే ప్రమాదం జరిగిందా, లేక దీపం లేకపోవడం జరిగింది, ప్రమాదమూ జరిగింది అంతేనా? వీధి దీపాల వెలుగులో పట్టపగల్లా కనిపించే చోట సైకిలుకు లైటు లేదని శాతం కోయడం అన్యాయం. ఒక నియమం తప్పినంత మాత్రాన ప్రమాదానికి వాటాదారు కాడని సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో చెప్పింది. 2008లో లైసెన్సు లేని కుర్రాడి విషయంలో, 2020లో మోటారు సైకిలు మీద ముగ్గురు కూర్చున్న విషయంలో ఇదే మాట. ఆ నియమభంగానికీ ఢీకొనడానికీ ముడి చూపించాల్సిన భారం ఎదుటి పక్షానిదే.

రాంగ్ రూట్ సంగతి ఇంకాస్త ఓపిగ్గా చూడాలి. డివైడరు మధ్య దారి చాలా దూరంలో ఉండి, అక్కడిదాకా తొక్కుకుంటూ పోయి హైవే మలుపులో తిరిగి రావాలంటే అదే పెద్ద ప్రమాదం. అంచు పట్టుకుని ఎదురొచ్చే మనిషి తన ప్రాణం కాపాడుకోవడానికే ఆ దారి ఎంచుకుంటాడు. అతనిది తప్పు కాదని చెప్పలేం. అతనొక్కడిదే తప్పని చెప్పడం కుదరదు.

పిల్లల విషయంలో కోర్టులు మెత్తగానే ఉంటాయి. పసివాడి జాగ్రత్తను పెద్దవాడి జాగ్రత్తతో కొలవకూడదు. 1966లో ఇంగ్లండులో పదమూడున్నరేళ్ళ అమ్మాయి రోడ్డు దాటుతూ గాయపడిన కేసులో లార్డ్ డెనింగ్ ధర్మాసనం ఆమెకు ఏ వాటా వేయలేదు. మన ప్రభుత్వం బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది, మంచి పని. ఆ పిల్లలు హైవే అంచున తొక్కుతారని తెలిసి ఇచ్చినప్పుడు, వాళ్ళ పక్కనుంచి పోయే బండి నుంచి ఎక్కువ జాగ్రత్త ఆశించే హక్కు సమాజానికి ఉంది.

తప్పు అడగని పరిహారం

తప్పు ఎవరిదని అడగకుండా బాధితుడికి కొంత ఇవ్వాలన్న ఆలోచన మన చట్టంలో నాలుగు దశాబ్దాలుగా ఉంది. తప్పు రుజువైతేనే పరిహారమని 1977లో సుప్రీంకోర్టు అన్నాక, 1982 సవరణ మరణానికి 15,000, శాశ్వత అంగవైకల్యానికి 7,500 రూపాయలు తప్పుతో పనిలేకుండా ఇమ్మంది. 1988 చట్టంలో అవి 25,000, 12,000 అయ్యాయి. 1994లో 50,000, 25,000 చేశారు. మధ్యలో 1987లో గుజరాత్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు, మోటారు బండ్లు పెరిగిన ఈ కాలంలో రోడ్డు మీది మనిషికి తప్పుతో నిమిత్తం లేని రక్షణ అవసరమని గట్టిగా రాసింది. 2019 సవరణ తెచ్చిన 164వ సెక్షన్ కింద ఇప్పుడు మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. బండి గుద్ది పారిపోయి ఎవరిదో తెలియకపోతే 161వ సెక్షన్ కింద 2 లక్షలు, 50,000. 2025 మేలో నోటిఫై చేసిన పథకం ప్రకారం ప్రమాద బాధితుడికి మొదటి ఏడు రోజుల్లో 1.5 లక్షల దాకా నగదు లేని చికిత్స.

పైన లెక్కగట్టిన మేస్త్రి కుటుంబానికి 164 కింద 5 లక్షలు, 166 కింద రుజువు చేస్తే 20 లక్షలు. ఇంత తేడా ఉన్నప్పుడు ఎవరైనా రెండో దారే పడతారు, సంవత్సరాలు తిరుగుతారు. తప్పు అడగని పరిహారం నిజంగా పనిచేయాలంటే ఆ మొత్తం సంపాదనకు తగ్గట్టు ఉండాలి.

నెదర్లాండ్స్ ఈ ముడిని చాలా కాలం కిందటే విప్పింది. అక్కడి 1994 రోడ్డు చట్టం 185వ అధికరణం ప్రకారం సైకిలు తొక్కేవాడికి గాయమైతే మోటారు వాహన యజమానిదే బాధ్యత. తప్పించుకోలేని అనివార్య కారణం చూపిస్తే తప్ప బయటపడలేడు. కోర్టులు దీని మీద కట్టిన సంప్రదాయం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు పూర్తి పరిహారం, పెద్దలకు వాళ్ళ తప్పున్నా కనీసం సగం. ఫ్రాన్సులో 1985 జూలై 5 నాటి బాదంతేర్ చట్టం 16 ఏళ్ళలోపు, 70 దాటిన వాళ్ళను దాదాపు అన్ని సందర్భాల్లోనూ కాపాడుతుంది. ఈ చట్టాలు డ్రైవరును నేరస్థుణ్ణి చేయవు. బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది, జైలు సంగతి విడిగా, గట్టి రుజువు మీదే తేలుతుంది. అమెరికాలో అలబామా, మేరీల్యాండ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో బాధితుడిది ఒక్క శాతం తప్పున్నా ఏమీ రాదన్న పాత నియమం ఇంకా ఉంది. వాషింగ్టన్ నగరం 2016లో పాదచారులకు, సైకిలు తొక్కేవాళ్ళకు ఆ నియమాన్ని సడలించింది. మన చట్టం ఈ రెండు కొసలకూ మధ్యలో ఉంది.

డ్రైవరు వైపు

ప్రమాదం జరగగానే డ్రైవరు బండి ఆపాలి, గాయపడ్డవాణ్ణి ఆస్పత్రికి చేర్చాలి, పోలీసులకు చెప్పాలి. 134వ సెక్షన్ ఇదంతా చెబుతూనే జనం కోపం వల్ల సాధ్యం కాకపోతే తప్ప అని మినహాయింపు పెట్టింది. చట్టం రాసినవాళ్ళకు మన రోడ్డు తెలుసు. గుంపు కొట్టిన దెబ్బలకు డ్రైవర్లు చనిపోయిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. బతుకుతాడో లేదో తెలియని సైకిలు మనిషిని రోడ్డు మీదే వదిలి డ్రైవరు పారిపోవడానికి ఆ భయం ఒక కారణం. గుద్ది చెప్పకుండా పోతే పదేళ్ళ దాకా శిక్ష అనే 106(2) ఉపసెక్షన్ మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపేశారు. మోటారు రవాణాకు పేరుపడ్డ విజయవాడకు ఇది పరాయి గొడవ కాదు. ప్రభుత్వం సంప్రదింపులకు ఒప్పుకుంది, జూలై 1న సంహిత అమలైనప్పుడు ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. వాళ్ళ భయంలో నిజం ఉంది. వదిలేసి పోతే రోడ్డు మీద రక్తం కారి చచ్చిపోయే మనిషి కుటుంబానిదీ నిజమే. దీనికి విరుగుడు శిక్ష పెంచడంలో కన్నా, ఆగిన డ్రైవరును గుంపు నుంచి కాపాడి 108కి ఫోను చేయనివ్వడంలో ఎక్కువ ఉంది. సాయపడినవాణ్ణి కేసుల్లోకి లాగకూడదని 134-ఎ సెక్షన్ చెప్పే రక్షణ దారినపోయేవాళ్ళకే గానీ డ్రైవరుకు లేదు.

జాగ్రత్త ఎంత ఉండాలన్నది మాత్రం బండి బరువును బట్టి మారుతుంది. రెండు ఇరుసుల లారీ సరుకుతో 18.5 టన్నుల దాకా ఉండొచ్చు. గంటకు 60 కిలోమీటర్ల మీద డ్రైవరు ఒక్క సెకను ఆలస్యంగా చూస్తే బండి 16 మీటర్లు దాటిపోతుంది, బ్రేకు ఇంకా పడకముందే. సైకిలు మనిషి ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ 16 మీటర్లలో చేయగలిగింది ఏమీ లేదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు పాదచారులు, సైకిలు తొక్కేవాళ్ళు, పిల్లలు, వృద్ధుల పట్ల ప్రత్యేక శ్రద్ధ చూపాలని డ్రైవరును ఆదేశించడానికి కారణం ఇదే. బ్రిటన్ 2022 జనవరిలో తన హైవే కోడ్‌లో ఎక్కువ హాని చేయగలవాడికే ఎక్కువ బాధ్యత అని తేటగా రాసుకుంది. మన నిబంధనల్లో ఆ భావం ఉంది. లైసెన్సు పరీక్షలో, స్టేషన్ స్కెచ్చిలో అది కనిపించదు.

సైకిలే గుద్దితే, రోడ్డే తప్పయితే

పాత 279, కొత్త 281 సెక్షన్లు మోటారు బండ్లకే పరిమితం కావు. ఏ వాహనమైనా, చివరికి స్వారీ అయినా వాటి కిందకు వస్తుంది. కాబట్టి సైకిలు తగిలి ముసలావిడ పడిపోతే క్రిమినల్ కేసు పెట్టవచ్చు. పరిహారానికి మాత్రం ట్రిబ్యునల్ దారి లేదు, సైకిలు మోటారు వాహనం కాదు కనుక సివిల్ దావా వేయాలి. సైకిలుకు బీమా ఉండదు, తొక్కేవాడి దగ్గర డబ్బూ ఉండదు. కాబట్టి ఆ ముసలావిడకు మన చట్టం చేతికిచ్చేది దాదాపు ఏమీ లేదు. 250 వాట్లలోపు మోటారుతో 25 కిలోమీటర్లు దాటని బ్యాటరీ సైకిళ్ళు కూడా మోటారు వాహనం లెక్కలోకి రావు. వాటితో సరుకు చేరవేసే కుర్రాళ్ళు పెరుగుతున్న కొద్దీ ఈ ఖాళీ కోర్టుల ముందుకు వస్తుంది.

రోడ్డును గీసినవాళ్ళ బాధ్యత సంగతి 2019 సవరణ 198-ఎ సెక్షన్‌లో చెప్పింది. డిజైను, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ప్రమాదం జరిగితే కాంట్రాక్టరు గానీ సంబంధిత అధికారి గానీ లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. సైకిలుకు చోటు వదలకుండా వేసిన అంచు, పేట మధ్యలో దాటడానికి దారి లేని డివైడరు, వెలగని దీపాలు దీని కిందకు తేదగ్గవే. భవానీపురంలో సైకిలు పడిపోయిన చోట గీసే స్కెచ్చిలో దీపం స్తంభం వెలుగుతోందా లేదా, దాటే దారి ఎంత దూరంలో ఉంది అన్న రెండు కొలతలు కలిపి రాయడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. టేపు, రెండు నిమిషాలు చాలు.